కొత్త ఇంట్లో అనుకోని మరమ్మతు వస్తే ఏం చేయాలి? – నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంత ఇళ్ల లబ్ధిదారులకు

గృహప్రవేశం అయిపోయింది. పాలు పొంగించారు, నలుగురికీ భోజనం పెట్టారు, నెలనెలా అద్దె కట్టే బాధ తప్పిందని సంతోషపడ్డారు. మొదటి వానాకాలం ఇంకా దాటనేలేదు, పడకగది మూలలో గోడ తడిగా కనబడింది. లేదంటే కిటికీ మూల నుంచి పైకి ఒక చీలిక పాకింది. అద్దె ఇంట్లో ఉన్నప్పుడైతే ఓనరుకు ఫోన్ చేసి "చూడండి సార్" అనేవాళ్లు. ఇప్పుడు ఆ ఓనరు మీరే.

ఇట్లాంటప్పుడు చాలామంది రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. "కొత్త ఇల్లే కదా, అదే సర్దుకుంటుంది" అని వదిలేస్తారు. లేదా భయపడిపోయి, ఎవరో చెప్పిన మాట మీద అప్పు తెచ్చి, గోడంతా మళ్లీ పూత పూయిస్తారు. ఆరు నెలలకు అదే చోట అదే తడి మళ్లీ వస్తుంది. డబ్బు పోతుంది, జబ్బు మిగులుతుంది. ఏ మరమ్మతుకైనా ముందు కారణం కనుక్కోవాలి, ఆ తర్వాతే సిమెంటు సంచి విప్పాలి. మన ప్రాంతంలో ఆ కారణం ఎక్కువసార్లు నీళ్లే. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి అనేది తేలిస్తే సగం పని అయినట్టే.

వీటికి మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు

గోడను ముట్టుకుంటే, కుళాయి తిప్పితే కరెంటు జిల్లుమంటోందా? మెయిన్ స్విచ్ ఆపేయండి. స్లాబు కింది నుంచి పెచ్చులు ఊడి కమ్మీ కనబడుతోందా? ఆ చోటు కింద మంచం వేయొద్దు, ఊయల కట్టొద్దు. చీలిక వారం వారం పెరుగుతోందా, తలుపు ఉన్నట్టుండి బిగుసుకుపోయి పడటం లేదా? ఇంజనీరును పిలిపించండి. మరుగుదొడ్డి గుంత మూత కుంగిందా? పిల్లలు అటు పోకుండా అడ్డం పెట్టండి. మిగతావన్నీ కొంచెం ఆలోచించి చేసుకోవచ్చు.

డబ్బు ఎవరు పెట్టాలి?

అందరూ ముందు అడిగేది ఇదే కాబట్టి సూటిగా చెబుతున్నాం. పథకం కింద వచ్చే యూనిట్ సాయం ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చేది. పునాది, గోడలు, స్లాబు అని దశలవారీగా బిల్లు పడి, ఇల్లు పూర్తయ్యాక ఆ లెక్క ముగుస్తుంది. తర్వాత వచ్చే మరమ్మతుకు అందులో డబ్బు ఉండదు. "రిపేరు బిల్లు శాంక్షన్ చేయిస్తాం, ముందు రెండు వేలు ఇవ్వండి" అని ఎవరైనా మీ గడప తొక్కితే నమ్మొద్దు. ఓటీపీ అస్సలు చెప్పొద్దు.

అయితే ప్రతి ఖర్చూ మీ నెత్తిన వేసుకోవాల్సిన పని కూడా లేదు. మీ ఇల్లు ఎవరు కట్టారు అనేదాన్ని బట్టి ఉంటుంది. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల పట్టాల పథకంలో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర స్థలం ఇచ్చారు. రూ.1.80 లక్షల యూనిట్ సాయంతో, మూడు ఆప్షన్లలో ఇళ్లు మొదలయ్యాయి. మొదటి రెండు ఆప్షన్లలో మీరే మేస్త్రీని పెట్టి కట్టించుకున్నారు కాబట్టి, పనిలో తేడా వస్తే ఆ మేస్త్రీతోనే తేల్చుకోవాలి. మూడో ఆప్షన్ కింద ఏజెన్సీ కట్టిన ఇల్లయితే సంగతి వేరు. స్లాబు కారడం, గోడ పగలడం లాంటి లోపాన్ని కాగితం మీద రాసి హౌసింగ్ ఏఈకి ఇవ్వండి. నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. టిడ్కో ఇళ్ల సంగతి ఇంకా వేరు, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

వరద, గాలివాన వల్ల ఇల్లు దెబ్బతింటే అది మరమ్మతు కింద రాదు, విపత్తు సాయం కింద వస్తుంది. దానికి వేరే దారి ఉంది. అదీ కింద రాశాం.

మన నేల సంగతి తెలియకుండా గోడ సంగతి తెలియదు

నల్లమల, ఎర్రమల కొండల మధ్య కుందూ పారే ఈ లోయలో చాలా చోట్ల నల్లరేగడి నేల. నంద్యాల చుట్టుపక్కల, ఆళ్లగడ్డ వైపు పొలాలు చూసినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. వాన పడితే రేగడి నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఎండాకాలం ఆరిపోయి కుంచించుకుపోతుంది, చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుకుంటాయి. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇక రేగడి లెక్కెంత!

మీ ఇల్లు ఆ నేల మీదే కూర్చుని ఉంది. ఇంటి నడిమధ్య కింద మట్టికి ఎండ తగలదు కాబట్టి అక్కడ తేమ పెద్దగా మారదు. గోడల అంచున ఉన్న మట్టి మాత్రం ఎండకు ఆరి దిగుతుంది, వానకు తడిసి లేస్తుంది. ఇల్లు నడుమ ఒకలా, అంచున ఒకలా కదిలితే గోడ తట్టుకోలేదు. కిటికీ మూలలు, తలుపు పైభాగం బలహీనమైన చోట్లు కాబట్టి అక్కడి నుంచి ఏటవాలుగా చీలుతుంది. పునాది లోతుగా దిగి, కింద గరుసు పోసి కట్టిన ఇళ్లకు ఈ గోల తక్కువ. కొండ వైపు ఎర్రనేల, గరుసు నేల ఉన్న ఊళ్లలోనూ తక్కువే.

ఇప్పుడు పునాది మార్చలేం. కానీ గోడ అంచు మట్టిని ఏడాదంతా ఒకేలా ఉంచడం మన చేతిలో ఉన్న పని. దానికి పెద్ద ఖర్చు కూడా కాదు. ఇంటి చుట్టూ రెండున్నర, మూడు అడుగుల వెడల్పున గరుసు పోసి దిమ్మిస కొట్టించి, పైన బండలు పరిపించండి. మనకు బేతంచెర్ల బండలు దగ్గరే, గచ్చుకు పనికిరాని ముక్క బండలు తక్కువకే దొరుకుతాయి. సందులు సిమెంటుతో పూడ్చి, వాలు మాత్రం గోడ నుంచి బయటికి ఉండేలా చూడండి. వాలు లోపలికి ఉంటే బండలు పరిచి లాభం లేదు, నీళ్లను మనమే పునాదికి పోసినట్టు అవుతుంది. ఒక చెంబు నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూస్తే చాలు, వాలు తెలిసిపోతుంది.

బట్టలు ఉతికిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు, కూలర్ నీళ్లు గోడ పక్కన వదలొద్దు. గోడకు ఆనించి వేప, రావి లాంటి చెట్లు పెంచొద్దు. ఎండాకాలం వాటి వేర్లు పునాది కింది తేమను లాగేస్తాయి, నేల ఇంకా కుంగుతుంది. నీడ కావాలంటే కాలనీ ఖాళీ స్థలంలో, కనీసం ఇరవై అడుగుల దూరంలో పెట్టండి.

సెంటు స్థలంలో పక్కింటి నీళ్లు కూడా మీ నీళ్లే

సెంటు అంటే 435 చదరపు అడుగులు. అందులో ఇల్లే 340 చదరపు అడుగుల దాకా ఉంటే, చుట్టూ మిగిలేది వంద అడుగులు కూడా ఉండదు. అంటే మీ గోడకూ పక్కింటి గోడకూ మధ్య ఒక మనిషి అడ్డంగా నడిచేంత సందు. వాళ్ల బాత్రూమ్ నీళ్లు మీ పునాదిలోకి ఇంకుతాయి, మీ మిద్దె మీద వాననీళ్లు వాళ్ల గోడ మీద పడతాయి. మీరు మీ వైపు ఎంత పూత పూయించినా తడి తగ్గలేదంటే తప్పు మీ గోడది కాకపోవచ్చు. ఆ సందులో నిలబడి చూడండి.

ఇది గొడవగా మారడానికి ఎక్కువసేపు పట్టదు. "మీ నీళ్ల వల్లే మా గోడ పోయింది" అని మొదలుపెడితే అవతలివాళ్లు "మీ మిద్దె నీళ్లు మా మీద పడటం లేదా" అంటారు. అక్కడితో పని ఆగిపోతుంది. ఇద్దరూ కలిసి ఆ సందును ఒకే వాలుతో బండలు పరిపించి, ఒకే కాలువ వీధి డ్రైనేజీలోకి తీయించుకుంటే ఖర్చు సగం, లాభం ఇద్దరికీ. "అన్నా, వాన రాకముందే ఇది చేయించుకుందాం, సగం నేను పెడతా" అని మీరే ముందు అడగండి. వీధి కాలువే లేకపోతే అది మీ ఇద్దరి వల్లా అయ్యే పని కాదు. ఆ వీధివాళ్లందరూ సంతకాలు పెట్టి సచివాలయంలో అర్జీ ఇవ్వాలి.

చీలిక కనబడితే

అన్ని చీలికలూ ఒకటి కావు. కొత్త పూత ఆరేటప్పుడు జాలిలాగా సన్నని గీతలు వస్తాయి. వాటి వల్ల ప్రమాదం లేదు, వెల్ల వేసేటప్పుడు పట్టీ పెడితే సరిపోతుంది. పిల్లర్ దగ్గరో, స్లాబు కిందో గోడ కలిసే చోట నిలువుగానో అడ్డంగానో సన్న గీత వస్తే, అది ఎక్కువసార్లు కాంక్రీటూ ఇటుకా వేర్వేరుగా సాగడం వల్ల వచ్చేదే. ఏటవాలుగా, ఇటుకల వెంట మెట్లు మెట్లుగా పోయే చీలిక, గోడకు అవతలి వైపు కూడా అదే చోట కనబడే చీలిక నేల కదలిక వల్ల వచ్చేవి. వీటి మీద కన్నేసి ఉంచాలి.

ఎలాగంటే, చీలిక రెండు కొనల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కనే తేదీ రాయండి. స్కేలు పెట్టి ఫోన్‌తో ఫొటో తీయండి. నెలకోసారి అదే చోటు నుంచి మళ్లీ తీయండి. ఎండాకాలం విచ్చుకుని వానాకాలం మూసుకుంటోందంటే అది రేగడి ఊపిరి. చుట్టూ బండలు పరిపించి, ఒక ఎండాకాలం ఒక వానాకాలం చూసి, ఆ తర్వాత పూడ్పించండి. పూడ్చేటప్పుడు కూడా వట్టి సిమెంటు వద్దు. అది గట్టిది, గోడ మళ్లీ కదిలితే మళ్లీ పగులుతుంది. చీలికను కొంచెం వెడల్పు చేసి, దుమ్ము దులిపి, సాగే గుణం ఉన్న క్రాక్ ఫిల్లర్ పెట్టించాలి. రంగుల షాపుల్లో దొరుకుతుంది.

గీత గుర్తు దాటి పెరుగుతూనే ఉంటే, రూపాయి బిళ్ల లోపలికి దూరేంత వెడల్పు ఉంటే, బీమ్‌లోనో పిల్లర్‌లోనో చీలిక ఉంటే మేస్త్రీ మాట చాలదు. పల్లెలో అయితే సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ను, పట్టణంలో అయితే వార్డు ఎమినిటీస్ సెక్రటరీని వచ్చి చూడమని అడగండి. మీరు తీసిన ఫొటోలు అప్పుడు పనికొస్తాయి. "ఎప్పటి నుంచి ఉంది?" అంటే తేదీలతో సహా చూపించవచ్చు.

మిద్దె కారుతుంటే

మన పెద్దవాళ్ల మట్టిమిద్దెలు గుర్తున్నాయా? ఏటా వానలకు ముందు బండి మీద చౌడుమట్టి తోలించి, మిద్దె మీద పరిచి, గుంతలు లేకుండా సర్దేవాళ్లు. ఏడాదికోసారి మిద్దె ఎక్కడం ఒక అలవాటు. స్లాబు వచ్చాక ఆ అలవాటు పోయింది. "సిమెంటు మిద్దెకు ఏమవుతుందిలే" అనుకున్నాం. నిజానికి స్లాబుకు చౌడు అక్కర్లేదు గానీ, ఏడాదికోసారి మనిషి ఎక్కి చూడటం మాత్రం కావాలి.

రోహిణి కార్తెలోపే ఎక్కండి, పొద్దున్నే. మే నెలలో మధ్యాహ్నం మన దగ్గర 45 డిగ్రీలు దాటే ఎండలో మిద్దె మీద నిలబడలేరు. వాననీళ్లు దిగే గొట్టం నోట్లో ఆకులు, పాత చెప్పులు, పిల్లల బంతి ఇరుక్కుని ఉన్నాయేమో తీసేయండి. చాలా ఇళ్లలో కారుడు కథ ఇక్కడే ముగుస్తుంది. పిట్టగోడ స్లాబుతో కలిసే మూల చూడండి, అక్కడ గీత పడితే నీళ్లు లోపలికి దిగుతాయి. ట్యాంకు కింద తడి ఉందా, పైపు జాయింట్ చెమరుస్తోందా చూడండి. ఎండాకాలంలో కూడా పైకప్పుకు తడి మచ్చ ఉందంటే అది వాన కాదు, ట్యాంకో పైపో అని అర్థం.

ఎక్కడ కారుతోందో తేలకపోతే ఒక పరీక్ష ఉంది. గొట్టం నోరు గుడ్డతో మూసి, మిద్దె మీద అంగుళం లోతు నీళ్లు ఒక రోజు నిలబెట్టండి. లోపల ఎక్కడ తడి మొదలైందో అక్కడ బొగ్గుతో గుర్తు పెట్టండి. నీళ్లు ఏటవాలుగా కూడా దిగుతాయి కాబట్టి పైన లోపం సరిగ్గా అదే చోట ఉండాలని లేదు. గుర్తు చుట్టూ రెండు మూడడుగులు వెతకాలి. స్లాబు పెచ్చులు ఊడుతున్న ఇంట్లో మాత్రం ఈ పరీక్ష చేయొద్దు.

వాన వెలిశాక మిద్దె మీద నీళ్లు మడుగు కట్టి ఉంటే వాలు లేదని లెక్క. పది అడుగులకు ఒకటిన్నర అంగుళం వాలు వచ్చేలా వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు గచ్చు వేయించి, వారం రోజులు తడపాలి. ఎండకు పొద్దున తడిపింది పదింటికే ఆరిపోతుంది, కాబట్టి తడి గోనెసంచులు కప్పి ఉంచండి. తడపకపోతే ఆ గచ్చే పగిలి, పెట్టిన డబ్బంతా దండగ. అది ఆరాక పైన తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించుకుంటే ఎండాకాలం ఇల్లు కూడా కొంచెం చల్లబడుతుంది.

స్లాబు కింద ఎర్రటి తుప్పు మరక కనబడితే లోపల కమ్మీ తుప్పు పడుతోందని అర్థం. తుప్పు పట్టిన కమ్మీ లావెక్కి కాంక్రీటును పొడుచుకుని బయటికి నెడుతుంది, అందుకే పెచ్చులు ఊడతాయి. పైన సిమెంటు మెత్తితే తుప్పు ఆగదు, లోపల తింటూనే ఉంటుంది. ఊడేదంతా రాల్చి, కమ్మీని బ్రష్‌తో రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, అప్పుడు మరమ్మతు సిమెంటుతో నింపాలి. ముందుగా పైనుంచి నీళ్లు దిగడం ఆపాలి. ఇది తెలిసినవాళ్లతోనే చేయించుకోండి.

గోడ అడుగున నిమ్ము, తెల్లటి ఉప్పు

గచ్చు నుంచి రెండు మూడడుగుల ఎత్తు వరకు గోడ చెమ్మగిల్లి, తెల్లటి ఉప్పు పొంగి, రంగు పొట్టులా రాలుతుంటే అది నేల నుంచి గోడ పీల్చుకున్న నీళ్లు. ఇల్లు కట్టేటప్పుడు పునాది మీద నిమ్ము ఆపే పొర సరిగా వేయకపోతే ఇలా అవుతుంది. ఆయిల్ పెయింట్ కొట్టిస్తే దాగుతుందని చాలామంది కొట్టిస్తారు. అప్పుడు తడి బయటికి రాలేక ఇంకా పైకి ఎక్కుతుంది. ఇంటి బయట మట్టి మట్టం గచ్చు కంటే కిందికి ఉండేలా తవ్వి సరిచేయడం, గోడ పక్కన నీళ్లు నిలవకుండా చూడటం మొదటి మందు. గోడ ఒక ఎండాకాలం బాగా ఆరాకే పాడైన పూత చెక్కి కొత్త పూత వేయించండి.

కరెంటు

తడిసిన గోడలో కరెంటు వైరు ఉంటే అది మరమ్మతు కాదు, ప్రాణాపాయం. ఎంసీబీ పదే పదే పడిపోతోందంటే అది మిమ్మల్ని కాపాడుతోందని అర్థం. దాన్ని పైకి ఎత్తి కట్టేయడం, ఫ్యూజ్‌లో లావు వైరు చుట్టడం చేయొద్దు. ఒక్కో స్విచ్ ఆపుతూ ఏది వేసినప్పుడు పడుతోందో చూసి ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. ఎర్త్ గుంత ఎక్కడుందో తెలుసుకోండి. ఎండాకాలం నేల ఆరినప్పుడు ఎర్త్ సరిగా పనిచేయదు, కాబట్టి వారానికి ఒకటి రెండు బిందెల నీళ్లు అందులో పోయాలి. మనిషికి షాక్ కొడితే కరెంటు ఆపేసే పరికరం వేరే ఉంటుంది, దాన్ని ఆర్‌సీసీబీ అంటారు. కూలరు, వాషింగ్ మిషన్, నీళ్ల మోటారు ఉన్న ఇంట్లో ఇది పెట్టించుకోవడం తప్పనిసరి అని మా అభిప్రాయం. రంగు వాయిదా వేసుకున్నా ఫర్వాలేదు, ఇది వద్దు. మీటరు బయట సమస్య, స్తంభం నుంచి వచ్చే వైరు వేలాడటం విద్యుత్ శాఖ పని. 1912కు ఫోన్ చేసి కంప్లయింట్ నంబరు రాసుకోండి.

మరుగుదొడ్డి గుంత

రేగడి నేలలో నీళ్లు త్వరగా ఇంకవు. అందుకే ఇసుక నేలలో ఏళ్ల తరబడి వచ్చే ఇంకుడు గుంత ఇక్కడ త్వరగా నిండుతుంది, వానాకాలం అయితే ఎదురు తన్నుతుంది. గుంత నిండితే మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో అడిగి, మిషన్ ట్యాంకరుతోనే తీయించండి. మనిషిని మాత్రం దింపొద్దు, మీరూ దిగొద్దు. మూత తీసి చూడటానికి వంగినా విషవాయువుకు పడిపోయే ప్రమాదం ఉంది. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోయిన సంఘటనలు మన దేశంలో ఎన్నో. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషి చేత సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. పని చేయించినవాళ్ల మీద కేసు పెడతారు. గుంతలో నాప్కిన్లు, డయపర్లు, ప్లాస్టిక్ వేయకపోవడం, బాత్రూమ్ నీళ్లను అందులోకి కాకుండా విడిగా పంపడం చేస్తే గుంత ఎక్కువ కాలం వస్తుంది.

టిడ్కో ఇళ్లలో ఉన్నవాళ్లకు

300, 365, 430 చదరపు అడుగుల టిడ్కో ఇళ్లు షియర్ వాల్ పద్ధతిలో కట్టినవి. అంటే అక్కడ ఇటుక గోడ ఉండదు. గోడలే కాంక్రీటు, ఆ గోడలే పై అంతస్తుల బరువు మోస్తాయి. అల్మారా కోసమో, కిటికీ పెద్దది చేయడానికో గోడ కోయించొద్దు. మీ ఇంట్లో చేసిన గాటు మీ నెత్తిన ఉన్న మూడిళ్లకు ముప్పు. పైపు కోసం గాడి కొట్టాలన్నా ఇంజనీరును అడిగి చేయండి.

మీ బాత్రూమ్ పైకప్పు కారుతుంటే నీళ్లు పైవాళ్ల బాత్రూమ్ నుంచి వస్తాయి. మీరు కింద నుంచి ఎంత పూసినా ఆగవు. పైవాళ్లు తమ టైల్స్ సందులు, పైపు చుట్టూ మళ్లీ పూడ్పించాలి. మెట్లు, మిద్దె, డ్రైనేజీ పైపు, మోటారు, కామన్ లైట్లు బ్లాకులో అందరివీ. నిర్వహణ సంఘం లేకపోతే వాటి ఖర్చు ఎవరూ పెట్టరు, చివరకు పై అంతస్తువాళ్ల స్లాబు కారుతుంది, కింది అంతస్తువాళ్ల గుమ్మంలో మురుగు నిలుస్తుంది. బ్లాకుకు ఇద్దరిని పెద్దగా పెట్టుకుని, నెలకు ఇంత అని అందరూ వేసుకుని, లెక్క నోటీసు బోర్డు మీద అతికించండి. లెక్క కనబడితేనే మరుసటి నెల డబ్బు వస్తుంది. నిర్మాణ లోపం అనిపిస్తే సంఘం తరఫున మున్సిపల్ కమిషనర్ కార్యాలయంలో రాసి ఇవ్వండి. ఒక్కరు ఇచ్చే అర్జీకీ ముప్పై ఇళ్లవాళ్లు కలిసి ఇచ్చే అర్జీకీ తేడా ఉంటుంది.

పనివాళ్లను పెట్టుకునేటప్పుడు

వానాకాలం మొదట్లో కాలనీల్లోకి డబ్బాలు పట్టుకుని "ఒక్క పూతతో పదేళ్లు గ్యారంటీ" అంటూ వచ్చేవాళ్లు ఉంటారు. అడ్వాన్సు తీసుకుని పోయాక గ్యారంటీ కాగితం మీద ఉన్న నంబరు పనిచేయదు. మీ కాలనీలో ఇంతకుముందు పని చేసిన బేల్దారి మేస్త్రీనే పిలవండి. అతను చేసిన ఇల్లు ఒకటి చూసి, ఆ ఇంటి ఆడవాళ్లను అడగండి, వాన వస్తే కారిందో లేదో వాళ్లే సరిగ్గా చెబుతారు. కూలి, సామాను వేర్వేరుగా మాట్లాడుకోండి. సామాను మీరే కొని బిల్లు తీసుకోండి. డబ్బు మూడు భాగాలు చేసి, చివరి భాగం మొదటి పెద్ద వాన తర్వాత ఇస్తానని ముందే చెప్పండి. నమ్మకంగా పని చేసేవాడు దీనికి ఒప్పుకుంటాడు.

నెలకు రెండు మూడు వందలు ఇంటి కోసమని పక్కన పెట్టండి. పొదుపు సంఘంలో ఉన్న అక్కలు సంఘం పొదుపులోనో, విడి ఖాతాలోనో వేసుకోవచ్చు. ఒకేసారి పెద్ద ఖర్చు పడితే సంఘం అప్పు, స్త్రీనిధి రుణం ముందు అడగండి. వారం వడ్డీకి తెచ్చిన అప్పుతో మిద్దె కారడం ఆగుతుందేమో గానీ, ఇల్లు మాత్రం నిలవదు.

వరద వచ్చి ఇల్లు దెబ్బతింటే

2019 సెప్టెంబరు వానలు మనవాళ్లు మరిచిపోలేదు. మహానంది ఆలయంలోకే నీళ్లు వచ్చాయి, కుందూ పొంగింది. అట్లాంటి రోజు వస్తే ముందు మెయిన్ స్విచ్ ఆపి, పట్టా, ఆధార్, పాస్‌బుక్కులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బయటికి వెళ్లండి. నీళ్లు తీశాక శుభ్రం చేయకముందే ఫొటోలు తీయండి. గోడ మీద నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఆ గీత కనబడాలి. వీఆర్వో వచ్చి నష్టం రాసుకునేటప్పుడు మీ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే తహసీల్దార్ ఆఫీసులో రాసి ఇవ్వండి. 2022 నుంచి 2026 వరకు వర్తించే కేంద్ర విపత్తు సహాయ నిబంధనల్లో, పక్కా ఇల్లు పాక్షికంగా, కనీసం 15 శాతం దెబ్బతింటే రూ.6,500 అని ఉంది. మైదాన ప్రాంతంలో పూర్తిగానో తీవ్రంగానో దెబ్బతింటే రూ.1,20,000. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కోసారి దీనికంటే ఎక్కువ ప్రకటిస్తుంది.

రూ.6,500తో గోడ నిలబడదని మాకూ తెలుసు. అందుకే ఇంటి బీమా గురించి కూడా తెలుసుకోండి. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు 'భారత్ గృహ రక్ష' పేరుతో ఒకే రకమైన పాలసీ ఇస్తున్నాయి. అగ్నిప్రమాదం, వరద, గాలివాన, భూకంపం లాంటివి ఇందులోకి వస్తాయి. పాతబడి కారే మిద్దె, నిమ్ము రావు. బ్యాంకు లోను ఉన్న 365, 430 అడుగుల టిడ్కో ఇళ్లవాళ్లు, లోనుతో పాటు ఏదైనా బీమా తీసుకున్నారా అని బ్యాంకులో అడగండి. కొందరికి ప్రీమియం కట్ అవుతున్న సంగతే తెలియదు.

అర్జీ ఇలా రాయండి

పెద్ద కాగితం అక్కర్లేదు. మీ పేరు, కాలనీ, ప్లాట్ నంబరు, ఇంటి ఐడీ, ఏ ఆప్షన్ కింద కట్టారు, గృహప్రవేశం తేదీ, సమస్య ఎక్కడ, ఎప్పుడు మొదలైంది, మీరు ఏం చూశారు. "ఇల్లు బాగలేదు" అని రాస్తే ఎవరూ కదలరు. "పడకగది తూర్పు గోడ మీద కిటికీ మూల నుంచి నాలుగడుగుల చీలిక, రూపాయి బిళ్ల దూరుతుంది, మార్చి నుంచి పెరుగుతోంది" అని రాస్తే చదివినవాళ్లు వచ్చి చూడాల్సిందే. ఫొటోలు జత చేయండి. ముందు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో ఆ రసీదు నంబరుతో సహా ఇవ్వండి. మండల ఆఫీసులో కూడా తీసుకుంటారు, ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా బస్సు ఛార్జీలు పెట్టుకుని రావాల్సిన అవసరం ప్రతిసారీ ఉండదు.

మీ పట్టా, యూనిట్ సాయం బిల్లుల కాగితాలు, మేస్త్రీ రాసిచ్చిన లెక్క, సామాను బిల్లులు, అర్జీ రసీదులు ఒకే ఫైల్‌లో పెట్టి, ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉంచండి. ఈ పీడీఎఫ్‌ను మీ కాలనీ గ్రూపులో పెట్టండి. ఫోన్‌లో చదవలేని పెద్దవాళ్లుంటే మిద్దె, కరెంటు, గుంత గురించి రాసిన మూడు భాగాలైనా చదివి వినిపించండి.